పాలిస్టర్ గూడు

సాంచాలు ఆగిపోయిన మొదటి వారం, బతుకుతెరువుకు వలసొచ్చిన మా గోడాదరా గల్లీలో ఎవరికీ సరిగా నిద్ర పట్టలేదు. పగలూ రాత్రీ గోడలు అదిరే ఆ మరమగ్గాల మోతలోనే మేం తిన్నాం, పడుకున్నాం, పోట్లాడుకున్నాం. లాక్‌డౌన్ అని అది కాస్తా ఆగిపోయేసరికి చెవుల్లో గాలి నింపినట్టు ఒకటే ఇబ్బంది. మా ఆయనకేమో అరిచి మాట్లాడటం అలవాటు. "జర నీళ్ళియ్యే" అని ఆయన నన్నడిగితే పక్కింటావిడ చెంబు పట్టుకుని గుమ్మం దాకా వచ్చేది.

పావురాలది మా కంటే విచిత్రం. అవి కార్ఖానా దూలాల మీద పుట్టి పెరిగిన పక్షులు. కింద అన్ని యంత్రాలు దడదడలాడుతున్నా కన్నార్పేవి కావు. ఇప్పుడు ఎవరింట్లోనో కుక్కర్ కూత వేస్తే చాలు, గుంపంతా లేచిపోయేది. కార్ఖానాలకు తాళాలు పడ్డాక వాటికి చోటు కూడా పోయింది. ఒక జంట మా వంటింటి కిటికీలోంచి దూరి, సామాన్ల అటక చివర గూడు మొదలుపెట్టింది.

ఈ పేటలో చెట్టంటూ ఉంటే కదా పుల్లలు దొరకడానికి! మోరీ పక్కన ఎగిరే తుక్కుదారమే ఏరుకొచ్చాయి. గులాబీ రంగు, చిలకపచ్చ, మధ్యలో జరీ మెరుపు. నాకు ముచ్చటేసింది. ఊరి నుంచి తెచ్చిన గోంగూర విత్తనాలు రంగుడబ్బాలో వేస్తే మొదటి విడత మాడిపోయింది. తర్వాతి మొక్కలు ఈ ఉప్పు బోరునీళ్ళకు తట్టుకుని, ఆకు చిన్నగా, దళసరిగా చేసుకుని నిలబడ్డాయి. దొరికినదానితో బతకడం పక్షులకూ మొక్కలకూ ఎవరు చెప్పారో గానీ, వాటిని చూసి నాకు ధైర్యం కలిగేది.

ఆయనకు మాత్రం కాలు నిలవదు. తలుపు దాకా పోవడం, మంచం దాకా రావడం, మళ్ళీ తలుపు దాకా పోవడం. చేతులైతే అసలే ఊరుకోవు. సాంచా మీద పోగు తెగితే రెండు కొసలూ పట్టుకుని ముడేయడం ఆయన పని. ఇప్పుడు ఆ పని లేక నా కొంగు కుచ్చులు, తువ్వాలు అంచు, బియ్యం సంచికి వేలాడే దారం, ఏది కనబడితే అది ముడేసేవాడు. నేను విప్పుకుంటూ తిరిగేదాన్ని.

"నన్ను గూడ మంచానికి కట్టెయ్యరాదు, ఓ పనైపోతది" అన్నాను విసుగొచ్చి.

ఆయన నవ్వలేదు. "ఊరికి పోదామే" అన్నాడు.

ఇక రోజూ అదే మాట. మా దిక్కు మనుషులు కలిసి ఓ బస్సు మాట్లాడుకున్నారు, అనుమతి కాగితం రాగానే బయల్దేరతారు. అన్నీ అమ్మేసి పోదాం, మళ్ళీ రావద్దు అని ఆయన పట్టు. నాకు పోవాలని లేదు. ఊళ్ళో మాకున్నది బావగారి ఇంట్లో ఓ మూల. అక్కడ ఉప్పు కావాలన్నా అడిగి తీసుకోవాలి. ఇక్కడ గది ఇరుకే, కానీ పొయ్యి నాది, చీరలకు చమ్కీలు కుట్టి సంపాదించుకునే చెయ్యి నాది. ఈ మాట మొహం మీద అనలేక పావురాన్ని అడ్డం పెట్టుకున్నాను. అప్పటికే గుడ్డు పగిలి పిల్ల వచ్చింది.

"కిటికి మూసి తాళమేస్తే తల్లి లోపలికెట్ల వస్తది? పిల్ల సస్తది. గా పాపం మనకెందుకు? అది ఎగిరినంక పోదాం" అన్నాను.

జాలిగుండె మనిషి, సరేనన్నాడు.

ఓ పొద్దున అటక మీద ఒకటే గిలగిల. ఆయన స్టూలెక్కి చూశాడు. గూటి దారం పిల్ల కాలికి చుట్టుకుని వేళ్ళు వాచిపోయాయి. గడ్డిపోచ అయితే తన్నుకుంటే తెగేది. పాలిస్టర్ తెగదు, కుళ్ళదు. ఆయన సూది, బ్లేడు పట్టుకుని ఒక్కో పోగూ విడదీశాడు. చెదిరిన గూడు జారి పడకుండా అటక చువ్వకు కట్టి సర్దాడు. లాక్‌డౌన్ వచ్చాక ఆయన మొహం అంత నెమ్మదిగా ఉండటం అప్పుడే చూశాను.

పిల్లకు వాపు తగ్గింది, ఈకలొచ్చాయి. ఎగరడం మాత్రం రాలేదు. రెక్కలు కొట్టుకుని లేచేది, మళ్ళీ అక్కడే కూలబడేది. తల్లి కిటికీలో కూర్చుని పిలిచి పిలిచి పోయేది. "గిదేం పిల్లనే, గిట్లయితే మనమెప్పుడు పోవాలె?" అని ఆయన గొణిగేవాడు. నాకు లోలోపల సంతోషం. ఆ సంతోషం చూసి నాకే భయమేసేది.

కాగితం వచ్చింది. రేపు పొద్దున బస్సు అన్నారు. తెల్లారేలోపు పిల్ల ఎగరకపోతుందా అని ఆయన బయట మూటల తాళ్ళు బిగిస్తున్నాడు. పిల్లకు నాలుగు నూకలు పెడదామని నేను స్టూలెక్కాను. అప్పుడు కనబడింది. కాలి ఈకల చాటున సన్నటి గులాబీ పోగు. దాని రెండో కొస చువ్వకున్న దారంలో కలిసింది. కలిసిన చోట చిన్న ముడి, దారం తోకలు కనబడకుండా, వేలితో తడిమితే గానీ తెలియనంత నున్నగా. అలాంటి ముడి మా ఇంట్లో ఎవరు వేస్తారో వేరే చెప్పాలా!

చూడనట్టు దిగిపోతే పిల్ల ఎగరదు, బస్సు మమ్మల్ని వదిలేసి వెళ్ళిపోతుంది. ఆ మాట అనుకున్నాను, అబద్ధమెందుకు? కానీ పిల్ల నన్ను చూసి నోరు తెరిచింది. కత్తెర తెచ్చి ముడి కత్తిరించి, కాలి చుట్టూ ఉన్నదీ తీసేశాను. అది రెండు గెంతులు గెంతి కిటికీ అంచున నిలబడింది. కాసేపు ఒళ్ళు కూడదీసుకుని, ఎదురింటి కరెంటు తీగ మీదికి తూలుతూ ఎగిరింది.

నేనే ఆయన్ని పిలిచి చెప్పాను. దారం ముక్క చేతిలో పెట్టాను. ఆయన దాన్ని వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"గిది నేనేసిన్నా?"

"ఇంకెవరేస్తరయ్యా?"

"తెగిన పోగు కనవడ్డది గదా. చెయ్యి దానంతలదే పోయిందేమో. నాకైతే ఎరుక లేదే." నేల మీద కూలబడ్డాడు. చేతులు రెండూ ముందు పెట్టుకుని చూసుకున్నాడు. "ఊర్ల మగ్గాలెప్పుడో పోయినయి. నాగలి పట్టరాదు నాకు. గీ చేతులకు గిదొక్కటే ఎరుక. ఆడికి పోయి ఏం జేస్తనే?"

ఇన్నాళ్ళు నేను వాదించి గెలవాలనుకున్నది ఆ మాటే. తీరా ఆయన నోట వింటే నాకు ఏడుపొచ్చింది.

ఫోన్ మోగింది. బస్సు మాట్లాడిన పెద్దమనిషి. ఆయన ఫోన్ నాకిచ్చి గోడవైపు తిరిగాడు. మేం రావట్లేదని చెప్పాను.

"ఏందమ్మా, అంతా పోతున్నరు. మీరొక్కరే ఈడుండి ఏం జేస్తరు?"

"మా ఆయనకు పనున్నది" అన్నాను.

గల్లీలో ఆ రోజుకి ఒక్క సాంచా కూడా తిరగడం లేదు.