యలమంద తాగిన మొదటి గ్లాసు

మా యలమంద అన్న లాంటి మొండి మనిషిని నేను చూడలేదు. పోయినవాణ్ణి తిట్టకూడదంటారు. నేను తిడతాను. నాకు ఆ హక్కుంది.

ముసునూరు దగ్గర మామిడితోటకు అతను కాపలాదారు. పక్క తోట కాపలా నాది. మాఘమాసంలో పూత మీద మంచు కురిసే రోజుల్లో కూలీలందరికీ జలుబు, ఒళ్లునొప్పులు, జ్వరం. అన్న భార్య భాగ్యవతి వదిన తులసి, తిప్పతీగ, మిరియాలు, శొంఠి వేసి కుండెడు కషాయం కాచేది. పొద్దున్నే పనిలోకి దిగేముందు అందరూ తాగాల్సిందే. అబ్బో, ఏం చేదు! అందుకే మొదటి గ్లాసు అన్న తీసుకునేవాడు. గటగటా తాగేసి, మీసం తుడుచుకుని, "అమృతంరా!" అనేవాడు. ఇక చేసేది లేక మిగతావాళ్లూ మింగేవాళ్లు.

ఒకసారి చాటుగా అడిగితే నవ్వాడు. "చేదు విషంరా తమ్ముడూ. నాకు టీ అంటే ప్రాణం. ఇది తాగేవాళ్లు టీ తాగకూడదని మీ వదిన అదీ మానిపించింది. నేనే మొహం చిట్లిస్తే ఇంకెవడు తాగుతాడు? పాపం, అది చిన్నబోతుంది."

ఎనభై నాలుగులో ఫ్లూ జ్వరం ఊరంతా చుట్టేసింది. చాలామంది నాలుగు రోజులు మూలిగి లేచారు. అన్న లేవలేదు. దగ్గు తెర వస్తే మనిషి మెలికలు తిరిగిపోయేవాడు. ఊపిరి అందేది కాదు.

వదిన కాళ్లు పట్టుకుంది. "మావా, నూజివీడు ఆసుపత్రికి పోదాం పద. ఇది కషాయంతో తగ్గేది కాదు."

"కాచేదాని మొగుడే సూదికి పోతే రేపు నీ కషాయం ఎవడు ముట్టుకుంటాడే? ఇంకో గ్లాసు పొయ్యి."

నేను అరిచాను, బండి కట్టుకొచ్చాను. ఎక్కితేగా! స్పృహ తప్పాక ఎక్కించాం. ఊపిరితిత్తులకు నెమ్ము చేసిందనీ, ముందే తీసుకురావాల్సిందనీ ఆసుపత్రిలో అన్నారు. ఆ సాయంత్రమే పోయాడు.

పెద్దకర్మ నాడు తోట గట్టున విస్తరి వేసి, అతనికి ఇష్టమైనవన్నీ వడ్డించాం. ప్రాణంగా తాగేవాడని కూలీలు గ్లాసు నిండా కషాయం కూడా పెట్టించారు. కాకులు కొమ్మల మీదే కూర్చున్నాయి. ఎండెక్కినా ఒక్కటీ దిగలేదు. ఏం తక్కువైందయ్యా అంటూ వదిన దణ్ణాలు పెడుతూనే ఉంది. ఇక నేను ఆమె దగ్గరకు వెళ్లాను.

"ఆ గ్లాసు తియ్యి వదినా. అన్నకది ఇష్టం లేదు. నువ్వు చిన్నబోతావని తాగేవాడు. ఆయన ప్రాణం టీ మీద."

వదిన గ్లాసు చేతిలోకి తీసుకుంది. తర్వాత కషాయం పారబోసి, రోడ్డు మీది కొట్టుకు తనే వెళ్లి, అదే గ్లాసులో టీ తెచ్చి పెట్టింది. ఆమె ఇలా తిరిగిందో లేదో, కాకి విస్తట్లో వాలింది.

అందరూ హమ్మయ్య అనుకున్నారు. వదిన మాత్రం మట్టిలో కూలబడి గుండెలు బాదుకుంది.

"చేదుగా ఉందని నాతో ఒక్కసారి అనకూడదా మావా! ఆ కుండ నేనే పగలగొట్టి నిన్ను బండెక్కించేదాన్ని కదా!"