గడపలో చెయ్యెత్తేదాకా

ఏర్పేడులో కుప్పయ్య పదిహేడేళ్లుగా బడిపిల్లల ఆటో నడుపుతున్నాడు. పిల్ల దిగాక గడపలో ఎవరో ఒకరు కనబడి చెయ్యెత్తితేగానీ ఆయన బండి కదలదు. వెనక లారీవాడు హారన్ మోగించి తిట్టినా అంతే. కొత్తల్లో ఒకసారి, ఇంటికి తాళం ఉందని చూసుకోకుండా ఒక పసిదాన్ని దించి వెళ్లిపోయాడు. చీకటి పడేదాకా ఆ బిడ్డ మెట్ల మీదే ఏడ్చింది.

"ఆ ఏడుపు ఇంకా ఇనపడతా ఉండాదబ్బా" అంటాడు ఇప్పటికీ.

మొన్న తొమ్మిదో తరగతి రూపశ్రీ అట్టతో చేసిన క్షిపణిని ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కింది. మన దేశం 2024లో పరీక్షించిన రకం అది. ఒకే క్షిపణి, తలలో నాలుగైదు అణ్వాయుధాలు పట్టేది. మర్నాడు బడిలో బాగా వివరిస్తేనే తిరుపతి సైన్స్ ప్రదర్శనకు పంపుతారు.

"బట్టీ పట్టినా తాతా. మేడం తిప్పి అడిగితే మాట రాదు."

"నాకు చెప్పు, సూద్దాం."

"గాలి దాటినాక పైభాగం విడిపోతాది. కొంచెం తిరిగి, వేగం మార్చుకోని ఒకదాన్ని వదుల్తాది. మళ్లా తిరిగి ఇంకోదాన్ని. ఒక్కోటి ఒక్కో ఊరికి."

"ఓసినీ, నా ఆటోనే కదమ్మే! నిన్ను ఈడ, నవీనను ఆడ దించినట్ల."

"ముందు మా వీధి గుంత దాటించు తాతా, ఆకాశం తర్వాత!" అంది పక్కన కూర్చున్న నవీన.

అందరూ నవ్వారు. కుప్పయ్య కూడా నవ్వి, "అన్నెందుకు పాపా?" అనడిగాడు.

"ఒకటి ఆపినా తక్కినవి తప్పించుకుంటాయని. పెద్ద దేశాలకు ఎప్పుడో ఉండాయి. ఇప్పుడు మనమూ చేసినాము. పాకిస్తానోళ్లూ చేసినామంటారు."

కుప్పయ్య అద్దంలో ఆ అట్ట క్షిపణిని చూశాడు.

"నేను మనిషి కనపడేదాకా కదల్ను. అది మనుషులుండారని తెలిసే దించుతాది."

మర్నాడు రూపశ్రీ ఆటో పోలికతోనే గడగడా చెప్పింది. చివర కుప్పయ్య అన్న మాట కూడా చేర్చింది. సైన్స్ టీచర్ ప్రసన్నకుమారి మెచ్చుకుని, "ఆ ఆఖరి మాట మాత్రం తీసెయ్. తీసేస్తే తిరుపతికి నువ్వే" అంది.

సాయంత్రం ఆ సంగతి విని కుప్పయ్య, "తీసెయ్ తల్లీ, నా మాటదేముండాది. తిరుపతికి పో" అన్నాడు.

రూపశ్రీ ఇల్లు రాగానే దిగింది. గడపలో ఎవరూ లేరు. కుప్పయ్య ఆగాడు. వెనక ట్రాక్టరు హారన్ కొట్టింది, మళ్లీ కొట్టింది. ఆయన అటు చూడలేదు. రూపశ్రీ వాళ్లవ్వ వరదమ్మ తడిచేతులతో బయటికొచ్చి, చెయ్యెత్తింది.

గేటు దగ్గర నిలబడి అదంతా చూసిన రూపశ్రీ వెనక్కి వచ్చింది.

"తీసెయ్యను తాతా. పంపకపోతే పోనీ."

కుప్పయ్య గేరు వేశాడు.