మాస్టారు కత్తి పట్టిన మధ్యాహ్నం

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో మా పై ఫ్లాటు ఆంటీ లిఫ్టులో ఎవరో ఉన్నారని మెట్లెక్కుతుంటే, లిఫ్టు ఖాళీగా దొరికిందని సంతోషించే మనిషిని. ఇప్పుడు చెప్పబోయేది దెయ్యం కథేనా అంటే ఏమో, తెలియదు. జరిగింది జరిగినట్టు చెప్తాను.

ఫరీదాబాద్‌లో పాత పుస్తకాలు బాగుచేసే వర్క్‌షాపులో పనిచేస్తున్నాను. నాకు పని నేర్పింది మాస్టారు. రాజమండ్రి మనిషి, ఢిల్లీ వచ్చి నలభై ఏళ్లు. రెండేళ్లుగా ఆయన కుడిచెయ్యి వణుకుతోంది. టీ కప్పు సగమే నింపి ఇస్తాం. మతిమరుపు కూడా మొదలైంది. ఇంకొక్క తప్పు జరిగితే ఇంటికి పంపేస్తానని మేనేజరు మొహం మీదే చెప్పేశాడు.

సరిగ్గా అప్పుడే ఆ కత్తిసాము పుస్తకం వచ్చింది. ఇటలీలో నాలుగున్నర శతాబ్దాల కిందట అచ్చయినది, ఎక్కడా దొరకనిది. పేజీకొక బొమ్మ, ఇద్దరు మనుషులు కత్తులు దూసి ఎదురెదురుగా నిలబడి ఉంటారు. ఏ అడుగు తర్వాత ఏ అడుగు వెయ్యాలో ఆ బొమ్మల వరసే చెబుతుంది. బొమ్మల కాగితాలు పద్దెనిమిది. వాటిమీద అంకెలు గానీ రాత గానీ లేవు.

ఇలాంటి పుస్తకం కుట్టు విప్పగానే ప్రతి కాగితం మూలన పెన్సిల్‌తో నంబరు వేస్తాం, ఫొటో తీస్తాం, ఆ తర్వాతే మురికి పోయేలా నీళ్లలో కడుగుతాం. మా పనికి ఇవి ఓనమాలు. నాచేత దిద్దించింది ఆయనే. మా పాపకు జ్వరమని నేను సెలవు పెట్టిన రోజున, మాస్టారు నంబర్లు వెయ్యకుండా, ఫొటోలు తియ్యకుండా అన్నీ కడిగి ఆరబెట్టేశారు. వరస చెప్పగల మరకలు నీళ్లలో పోయాయి. ఒక కాగితం నుంచి ఇంకో కాగితానికి వరస పట్టుకుందామంటే పురుగు తొలిచిన రంధ్రం ఒక్కటీ లేదు.

మర్నాడు వెళ్లి ఆ కాగితాలు చూశాను. ఆయన స్టూలు మీద కూర్చుని నేలచూపులు చూస్తున్నారు. నాకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది. మేనేజరుకు చెప్పలేదు. ఇదే పుస్తకం ఉన్న ఒక విదేశీ లైబ్రరీకి ఫొటోలు పంపమని మెయిల్ పెట్టాను. జవాబు లేదు. రెండు రోజుల్లో కుట్టి ఇచ్చేయాలి.

ఆ మధ్యాహ్నం రెండింటికి గదిలో మేమిద్దరమే ఉన్నాం. కాగితాలన్నీ పొడుగు బల్ల మీద పరిచి ఉన్నాయి. మాస్టారు లేచి, స్టీలు స్కేలు అందుకుని, ఒక బొమ్మలోని మనిషిలా మోకాలు వంచి నిలబడ్డారు. స్కేలు ముందుకు చాచారు. చెయ్యి వణకలేదు. ఒక అడుగు వేసి, ఎడం చేత్తో ఒక కాగితం తీసి పక్కన పెట్టారు. స్కేలు తిప్పి, ఇంకొకటి తీశారు. పద్దెనిమిదీ అలాగే. కర్రసాము కూడా ఎరగని మనిషి. గడియారం చూశాను, ఇరవై నిమిషాలు పట్టింది. అయ్యాక స్కేలు జారి కింద పడింది. చెయ్యి మళ్లీ వణకడం మొదలుపెట్టింది.

వేరే దారి లేక ఆ వరసలోనే కుట్టి ఇచ్చాం. మూడు వారాలకు లైబ్రరీ నుంచి ఫొటోలు వచ్చాయి. కుట్టాక మేం తీసి పెట్టుకున్న ఫొటోలతో ఒక్కొక్కటీ పోల్చాను. ఒక్క కాగితం కూడా తేడా లేదు.

పరుగున వెళ్లి ఆయనకు చెప్పాను. కళ్లు తుడుచుకున్నారు.

"అచ్ఛా, బతికించావు. నాదేముందమ్మా, నువ్వు వెనకాల నిలబడి మోచెయ్యి పట్టుకున్నావు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఈ చెయ్యి ఆగుద్దా?"

ఆ ఇరవై నిమిషాలూ నేను బల్లకు ఇవతల, ఆయనకు ఎదురుగా ఉన్నాను. ఆయన వెనక ఎవరూ లేరు.

"అవును మాస్టారూ, నేనే" అన్నాను.

ఆయన మోచెయ్యి పట్టుకున్నదెవరో నాకు ఇప్పటికీ తెలియదు. తలుచుకుంటే భయం మాత్రం వెయ్యదు. ఎవరైతేనేం, మా మాస్టారి పరువు కాపాడారు.