ఒక్క కాయితం మీద ఇద్దరు

నా చిన్నప్పుడు ఫోటోగ్రాఫర్ అంటే మా మేనత్తే. ఆ మాటకు మరో అర్థం ఉంటుందని నాకు చాలాకాలం తెలియదు. మాది వేంసూరు దగ్గర పల్లె. అత్తను టేకులపల్లి అవతల, అడవికి ఆనుకున్న ఊరికి ఇచ్చారు. అక్కడ బస్సులు ఆగే చోట మామయ్య ఒక చిన్న స్టూడియో పెట్టాడు. తర్వాత ఆయనకు వేరే ఉద్యోగం వచ్చి రోజూ పొద్దున్నే వెళ్ళిపోవలసి రావడంతో కెమెరా అత్త చేతికి వచ్చింది. ఆడవాళ్ళు ఫోటోలు తీయడం ఆ చుట్టుపక్కల అప్పటికి కొత్త. అయినా ఓణీల ఫంక్షన్లకూ సీమంతాలకూ ఆడమనిషి వస్తే ఇంట్లోవాళ్ళకు బిడియం ఉండేది కాదు. అందుకని అత్తకు తీరిక దొరికేది కాదు.

సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకీ రాని రోజులవి. రీలు కెమెరాలు మెల్లగా మూలపడి, డిజిటల్ కెమెరాలు వస్తున్నాయి. అత్త కూడా ఆ ఏడే ఒక డిజిటల్ కెమెరా కొన్నది. దానితో ఆమె తీయనిదంటూ లేదు. నీలం తెర ముందు బిగుసుకుపోయి కూర్చునే వాళ్ళు, చెవులు కుట్టించుకుని ఏడ్చే పసివాళ్ళు, బొట్టుపెట్టి దండవేసిన కొత్త ట్రాక్టర్లు, చివరికి బ్యాంకువాళ్ళకు చూపించాల్సిన గేదెలు కూడా.

ఏడో తరగతి పరీక్షలు అయిపోగానే నేను అత్త దగ్గరికి వెళ్ళాను. పెద్దయ్యాక ఫోటోగ్రాఫర్‌నే అవుతానని అప్పటికే ఇంట్లో ప్రకటించేశాను. కానీ ఏం ఫోటోలు తీయాలన్నది మాత్రం పూటకొక రకంగా మారిపోతుండేది. కిన్నెరసాని వైపు నుంచి ఎవరో వచ్చి మొసళ్ళ కబుర్లు చెబితే మొసళ్ళను తీస్తాననేదాన్ని. పెళ్ళి ఆల్బమ్ చూస్తే పెళ్ళిళ్ళు తీస్తాననేదాన్ని. సినిమా పోస్టరు చూస్తే ఆ రోజంతా సినిమావాళ్ళే.

“ఏందే, మొన్న మొసళ్ళన్నవ్, నిన్న పెండ్లిళ్ళన్నవ్. అసల్ ఏం తీద్దామని నీకు?” అని అడిగింది అత్త ఒకరోజు.

“అన్నీ తీస్తాను. నీలాగా.”

నేను మెచ్చుకోలుగానే అన్నాను. అత్త మాత్రం వెంటనే నవ్వలేదు. కెమెరా అద్దం తుడుస్తూ, “నేను ఏరుకోలే బిడ్డా. వచ్చింది వచ్చినట్టు తీసుకుంట పోయిన. నీకు ఏరుకునే టైమున్నది” అన్నది. ఎలా ఏరుకోవాలో చెప్పమన్నాను. అత్త కెమెరాను సంచిలో పెట్టేసి లేచింది.

మర్నాడు పొద్దున భద్రాచలం వెళ్ళే దారిలో ఒక ఊళ్ళో ఓణీల ఫంక్షన్ ఉంది. బయలుదేరేముందు అత్త బీరువా పైనుంచి పాత రీలు కెమెరా దించి, దుమ్ము దులిపి నా మెడలో వేసింది. అప్పటిదాకా దాన్ని ముట్టుకోనిచ్చేది కాదు.

“రీలు జల్దీ ఒడగొట్టకు. మంచిగ చూసి, నచ్చినంకనే నొక్కు” అన్నది.

ఆ పొద్దుటి దారి నాకు ఇప్పటికీ కలలో నడిచినట్టే గుర్తుంది. ఇప్పపూలు రాలే కాలం అది. బస్సు కిటికీలోంచి తియ్యటి, కొంచెం మత్తైన వాసన లోపలికొచ్చి కూర్చుంటోంది. చెట్ల మొదళ్ళ దగ్గర ఎండుటాకులు తగలబెట్టిన పొగ నేలమీద ఆనీ ఆననట్టు పాకుతోంది. ఆ పొగలో ఆడవాళ్ళు వంగి పూలు ఏరుకుంటుంటే, వాళ్ళ నడుముల కింద కాళ్ళు కనపడక, గాలిలో తేలుతున్నట్టున్నారు. నేను కెమెరాను కంటికి ఆనించుకునే ఉన్నాను. బస్సు దిగగానే మొక్కజొన్న చేను గట్టుమీద ఒక నెమలి కనిపించింది. టక్‌మని నొక్కాను. నెమలిని తీశానని అత్త చుట్టూ గంతులేశాను.

అత్త ఫంక్షన్ ఇంట్లో పనిలో పడగానే నేను ఊరి చివరకు నడిచాను. అక్కడ వాగు. వాగు దాటితే ఒక కోయగూడెం. వాగులో నీళ్ళు పాదం మునిగేటంతే ఉన్నాయి. ఆ నీళ్ళను తీశాను, ఇసుకలో పిట్టల అడుగులను తీశాను. గూడెంలో మొదటి ఇంటి ముందు అలికిన వాకిట్లో ఇప్పపూలు ఎండబోసి ఉన్నాయి. ఎండలో అవి ఎండుద్రాక్షల్లా ముడుచుకుంటున్నాయి. వాటి మీద వంగి చూస్తుంటే వెనకనుంచి ఎవరో అడిగారు.

“పూలనేనా, మనుషుల తియ్యవా?”

ఒక అవ్వ. చేతిలో చేట, నడుముకు బిగించిన పాతచీర. తీస్తానన్నాను. ఆమె చేట పక్కన పెట్టి నిలబడింది. అంతలో ఏదో తట్టినట్టు ఆగమని చేయి చూపించింది.

“మా ముసలాయన గూడ ఉంటడు. ప్రభుత్వమోళ్ళు కార్డులకని ఫోటోలు తీసిన్రు. ఆయన కార్డుల ఆయన ఒక్కడు, నా కార్డుల నేనొక్కదాన్ని. ఇద్దరం ఒక్క కాయితం మీద ఎన్నడు లేము.”

చూరు కింద నులకమంచం మీద తాత పడుకుని ఉన్నాడు. ఆయనకు ఒకవైపు చేయి, కాలు పడిపోయాయి. మాట కూడా ముద్దగా వచ్చేది. అవ్వ ఆయన్ని లేపి కూర్చోబెట్టి, పక్కకు ఒరిగిపోకుండా తన భుజం ఆనించింది. నేను మోకాళ్ళ మీద కూర్చుని, చాలాసేపు చూసి, నొక్కాను. తాత తన మంచి చేయి చాపాడు. నేను ఆ చేయి పట్టుకుని, వచ్చే సంతకు ఫోటో తప్పకుండా తెచ్చిస్తానని చెప్పాను. పిల్లలు ఇచ్చే మాటే. కానీ ఆ క్షణంలో నాకంటే పెద్దమనిషి ఆ గూడెంలో లేనట్టు అనిపించింది. అవ్వ గుప్పెడు ఇప్పపూలు నా లంగాలో పోసి పంపింది.

సాయంత్రం తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాం. అత్త ముఖం అలసిపోయి ఉన్నా కళ్ళలో ఏదో అల్లరి కనపడుతోంది.

“ఇగ చెప్పు. ఏమేం తీసినవ్?”

నేను నేరుగా అవ్వ, తాతల దగ్గర మొదలుపెట్టాను. ఆమె భుజం ఎలా ఆనించిందో, మంచం నులక ఎక్కడ తెగి వేలాడుతోందో, తాత తన పడిపోయిన చేతిని మంచి చేత్తో ఎత్తి ఒళ్ళో ఎలా పెట్టుకున్నాడో, అన్నీ చెప్పాను. అత్త నవ్వుతూ వింటోంది.

“మరి నెమలి? పొద్దుగాల అంత ఎగిరినవ్ గద?”

నెమలి సంగతి నేను మరిచేపోయాను. అత్త నవ్వు ఇంకా పెద్దదైంది. ఏదో చెప్పబోతూ నోరు తెరిచింది. అంతలో నేను, “వచ్చే సంతకు ఫోటో ఇస్తానని వాళ్ళకు మాటిచ్చాను అత్తా” అన్నాను.

ఆ నవ్వు ఉన్నపాటున పోయింది.

“మాటిచ్చినవా?”

“అవును. తాత చేయి పట్టుకుని చెప్పాను.”

అత్త కిటికీలోంచి బయటకు చూసింది. ఒక మలుపు దాటాం, ఇంకో మలుపు దాటాం. ఉన్నట్టుండి లేచి నిలబడి, “ఆపుండ్రి, ఆపుండ్రి, దిగుతం” అని అరిచింది. ఇక్కడ ఊరేం లేదని కండక్టరు విసుక్కున్నా వినలేదు. బస్సు మమ్మల్ని టేకు చెట్ల మధ్య దింపి వెళ్ళిపోయింది. దాని చప్పుడు పోయాక అడవి ఎంత నిశ్శబ్దంగా ఉందో తెలిసింది.

“గా కెమెరల రీలు లేదు బిడ్డా” అన్నది అత్త.

నాకు అర్థం కాలేదు. కెమెరా వెనక మూత తానే తెరిచి చూపించింది. లోపల నల్లటి ఖాళీ. పొద్దుటినుంచీ నేను తీసిన వాగూ, పిట్టల అడుగులూ, మంచం మీది ఇద్దరూ అందులో ఎక్కడా లేరు. ఏడుపు తన్నుకొచ్చింది. నన్ను చిన్నపిల్లను చేసి ఆడించిందనిపించింది.

“రీలుంటే ఏ ఫోటో మంచిగొస్తే గదే నీ పని అనుకుంటవ్. ఫోటోలే లేకుంటే నీ మనసుల ఏది మిగిలిందో గది చెప్తవ్ గద, అట్లన్న తెలుస్తదనుకున్న. నడుమ గా ముసలోళ్ళు ఉంటరని నాకు తట్టలేదు” అన్నది. పెద్దవాళ్ళు నా ముందు తలదించుకోవడం నేను చూడటం అదే మొదలు.

వచ్చిన దారినే వెనక్కి నడవడం మొదలుపెట్టాను. నడక కాసేపటికి పరుగైంది. వెనక అత్త చెప్పుల చప్పుడు వినిపిస్తూనే ఉంది. పొద్దు చెట్ల నడుముల దాకా దిగింది. టేకు మొద్దులన్నీ ఒకవైపు రాగిరంగులో వెలుగుతున్నాయి. దారి నాకంటే ముందు పరిగెత్తుతున్నట్టూ, వాగు ఎప్పటికీ రానట్టూ ఉంది. సంతకు ఇంక రెండు రోజులే ఉంది. మేం చేరేసరికి పొద్దు గూకేస్తుందేమోనని నా భయం. డిజిటల్ కెమెరాలో ఛార్జింగ్ కూడా అడుగంటిందని అత్త ఆయాసపడుతూ చెప్పింది.

అవ్వ వాకిట్లో ఎండిన పూలు గంపకెత్తుతోంది. మమ్మల్ని చూసి లేచింది. అత్త ఆమె ముందు నిలబడి, “పొద్దుగాల కెమెరల రీలు లేకుండె అవ్వా. పిల్లకు తెల్వదు. తప్పు నాది. మల్ల తీస్తం” అన్నది.

అవ్వ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. కోప్పడుతుందని నేను కళ్ళు దించుకున్నాను.

“మంచిగయింది పో,” అన్నది. “పొద్దుగాల నేను పనిచీరల ఉంటి. ఆగుండ్రి, చీర కట్టుకొస్త.”

ఇక ఆమెను తొందరపెట్టడం ఎవరివల్లా కాలేదు. కాళ్ళూ ముఖమూ కడుక్కుంది. ఇంట్లోకి వెళ్ళి ఎర్రంచు చీర కట్టుకుని వచ్చింది. తాత తలకు నూనె రాసి, పాపిడి తీసి దువ్వింది. ఆయన చొక్కా గుండీలు ఒక్కొక్కటే పెట్టింది. వాకిట్లో వెలుగు అంగుళం అంగుళం వెనక్కి జరుగుతోంది. అత్త ఒకసారి ఆకాశం వైపు, ఒకసారి కెమెరాలో మెరుస్తున్న ఎర్రగుర్తు వైపు చూసి, చివరికి దాన్ని నా చేతుల్లో పెట్టింది.

“నువ్వే తియ్. మాటిచ్చింది నువ్వు.”

అవ్వ తాత పక్కన కూర్చుంది. కూర్చోగానే మారిపోయింది. మెడ నిటారుగా, చూపు సూదిలా, చేతులు మోకాళ్ళకు అతుక్కుపోయి, కార్డు ఫోటోలో మనిషిలా అయిపోయింది. నవ్వమన్నాను. ఇంకా బిగుసుకుంది. నాకేం చేయాలో తోచలేదు. నొక్కితే ఫోటో వస్తుంది. కానీ పొద్దున భుజం ఆనించిన మనిషి అందులో ఉండదు. నేను కెమెరా దించి, ఊరికే వాళ్ళ ముందు కూర్చుండిపోయాను. దూరంగా మేకలను తోలుకొస్తున్న వాళ్ళ కేకలు వినిపించాయి.

అప్పుడు తాత, ముద్దగా, వాళ్ళ భాషలో ఒక్క మాట అన్నాడు.

అవ్వ గిర్రున ఆయన వైపు తిరిగింది. మోకాలి మీద ఒక్క దెబ్బ వేసి, పకపకా నవ్వింది. కొత్తచీరా, మేమూ, కెమెరా, అన్నీ మరిచి నవ్వింది. తాత ఒరిగిపోబోతే భుజం తనంతట తానే వెళ్ళి ఆయనకు ఆనింది. నేను నొక్కాను. మరుక్షణం కెమెరా తెర నల్లబడి, ఇక వెలగలేదు.

ఫోటో వచ్చిందో లేదో అప్పటికి ఎవరికీ తెలియదు. ఫంక్షన్ ఇంటివాళ్ళ ట్రాక్టరు మమ్మల్ని ఊరికి చేర్చింది. దాని తొట్టిలో మామిడాకుల తోరణాల మధ్య కూర్చుని వస్తుంటే, నేను కోపం మరిచి అత్త ఒళ్ళో తలపెట్టుకున్నాను. ఆమె నా జుట్టు సవరిస్తూ, తనలో తాను అనుకుంటున్నట్టు, “బస్సు నేను ఆపిన గని, ఉరికింది నువ్వే. మొసలి కోసం ఉరుకుతవో లేదో గని, మనిషి కోసం ఉరుకుతవ్” అన్నది.

కొత్తగూడెం ల్యాబులో కెమెరా మెమరీ కార్డు పెట్టి చూస్తే ఫోటో ఉంది. కొంచెం వంకర. మంచం కోడు ఒకటి ఫోటో అంచున తెగిపోయింది. దాన్ని సరిచేయమని అత్త ల్యాబువాళ్ళకు చెప్పలేదు. సంత రోజున తాత రాలేడు కదా అని మేమే గూడెం వెళ్ళాం. ఆయన ఫోటోను మంచి చేత్తో పట్టుకుని, తనను తాను చూసుకోనే లేదు. చాలాసేపు అవ్వ ముఖమే చూశాడు. తర్వాత నాకు అర్థమయ్యేలా, కష్టపడి తెలుగులో అన్నాడు: “గిది మా ఇంటికొచ్చిన కొత్తల గిట్లనే నవ్వుతుండె.” అవ్వ ఆయన్ని కసిరింది. కసురుతూనే ఫోటోను తన వైపు తిప్పుకుంది.

తర్వాత నేను ఖమ్మంలోనూ హైదరాబాదులోనూ పని నేర్చుకున్నాను. నీ ప్రత్యేకత ఏమిటని అందరూ అడిగేవారు. ఫ్యాషనా, పసిపిల్లలా, అడవి జంతువులా, కంపెనీల సరుకులా? పెళ్ళిళ్ళు కొన్నేళ్ళు తీశాను. చేయి తిరిగింది, పేరూ వచ్చింది. కానీ పెళ్ళిపందిట్లో నా కళ్ళు వధూవరులను వదిలి, వెనక వరుసలో ఒకరి పక్కన ఒకరు కూర్చున్న ముసలి దంపతుల వైపు పోతుండేవి. వాళ్ళలో చాలామందికి ఇద్దరూ కలిసి ఉన్న ఫోటో ఒక్కటీ లేదని తెలిసేది. చివరికి వాళ్ళనే నా పనిగా ఎంచుకున్నాను. వాళ్ళ ఇళ్ళకే వెళ్ళి, వాళ్ళ వాకిట్లోనే, వాళ్ళ మంచం మీదనే తీస్తాను. ఇదేం పని అని తోటివాళ్ళు నవ్వారు. అత్త మాత్రం నవ్వలేదు. ఆమె ఉన్నన్నాళ్ళూ నేను తీసిన ప్రతి జంట ఫోటోనూ తెప్పించుకుని చూసేది.

ఆ సాయంత్రం తాత అన్న మాట ఏమిటో నేను అడగలేదు. అడిగినా వాళ్ళు చెప్పేవారు కాదనుకుంటాను. ఇప్పటికీ ఏ ఇద్దరి ముందు కూర్చున్నా కెమెరా వెంటనే ఎత్తను. వాళ్ళు బిగుసుకుని, విసిగి, మెల్లగా నన్ను మరిచిపోయి, వాళ్ళిద్దరికే తెలిసిన ఒక మాట ఎవరో ఒకరి నోటినుంచి రాలేదాకా ఆగుతాను. ఆ మాట నాకు అర్థం కానక్కర్లేదు. ఆగడం మాత్రం ఆ రోజే వచ్చింది. అది ఇంకా నా చేతుల్లోనే ఉంది.