ఏటిమొగలో మేము ముగ్గురం

మా నాయన సంగం ఆనకట్ట మీద ముప్పై ఏళ్లు లస్కరుగా పనిచేశాడు. తలుపులెత్తి కాలువలకు నీళ్లు వదలడం, దించి కట్టేయడం ఆయన పని. పెన్నలో నీళ్ల రంగు చూసి పైన ఏ తట్టు వాన పడిందో చెప్పేవాడు. నీళ్ల సంగతిలో ఇంజనీర్ల మాటే లెక్కచేసేవాడు కాదు, ఇక నేనెంత.

సముద్రం వెంట నడుద్దామన్న ఆలోచన మాత్రం నాదే. అరవైల మొదట్లో, నేను బడిలో పంతులమ్మగా చేరిన ఏడాది అది. అంతకు ఆరు నెలల ముందు అక్క బిడ్డ జ్వరంతో పోయింది. బావ అక్కను మా ఇంట్లో దించి వెళ్లినవాడు మళ్లీ తొంగిచూడలేదు. అక్క కంచం ముందు కూర్చుని అలాగే లేచిపోయేది. తనకు బతకాలని లేదని ఒకరోజు నాతో అనేసింది. గాలి మార్చండి, బాగా నడిపించండి అని ఆస్పత్రి డాక్టరమ్మ చెప్పింది.

క్రిస్మస్ వెళ్లిన మూడోనాడు నాయన, అక్క, నేను బస్సులో కోటకు వెళ్లి, అక్కడినుంచి ఒడ్డుకు చేరి, ఉత్తరంగా నడక మొదలుపెట్టాం. రోజుకు నాలుగైదు మైళ్లు, తొందర లేదు. రాత్రికి ఏ ఊరి చర్చి వరండా అయినా చాలు. బస్సులుండగా కాళ్లరగదీసుకోవడం ఏం సరదా అని ఊళ్లో నవ్వారు. దారి చూపే మనిషిని తోడు తీసుకోమన్నా నాయన వినలేదు. సముద్రం కుడిచేతి పక్కన ఉంటే చాలదా అన్నాడు.

రెండో రోజు సాయంత్రం ఒక జాలరి ఇంట్లో చేపల పులుసు పెట్టారు. అక్క రెండోసారి వడ్డించుకుంది. "నాకు కొంచెం మిగల్చమ్మే" అన్నాడు నాయన. అక్క నవ్వింది. ఆయన చేయి కడుక్కునే వంకతో బయటికెళ్లి చాలాసేపటికి గాని రాలేదు. ఆ రాత్రి నేను దేవుడికి దండం పెట్టుకున్నాను.

మూడో రోజు పొద్దున ఏటిమొగకు, ఏరు సముద్రంలో కలిసేచోటికి వచ్చాం. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ముసలాయన మమ్మల్ని చూసి, "పెద్దాయనా, మధ్యలో యాడా కూసోబాకండి. పోటు ఎక్కేలోపల దాటేయండి" అన్నాడు. నాయన తల ఊపాడు. నాలుగడుగులు వేశాక, "నీళ్ల సంగతి నాకు జెప్తుండాడు" అని నాతో గొణిగాడు.

మోకాటి లోతు నీళ్లలో సగం దూరం వెళ్లి, నడుమ ఉన్న ఇసుకతిన్నె ఎక్కాం. అక్క అలిసిపోయింది. చద్దిమూట విప్పి తిన్నాం. నాయన తువ్వాలు పరుచుకుని నడుం వాల్చాడు. కాసేపటికి నీళ్ల మీద తాటాకు ఒకటి సముద్రం వైపునుంచి ఏట్లోకి పోవడం చూశాను.

"నాయనా, నీళ్లు ఎగువకు పోతుండాయి."

"గాలికి అట్ట కనిపిస్తాదిలే. పైన వాన వెలిసి పదిరోజులాయ. ఏరు యాడనించి పెరుగుద్ది? నీరు పల్లమెరుగు అన్నారు" అని కళ్లు మూసుకున్నాడు.

ఆయన ఎరిగిన నీళ్లన్నీ పైనుంచి కిందికి వచ్చేవే. సముద్రం రోజుకు రెండుసార్లు ఏట్లోకి ఎక్కుతుందని నేను పుస్తకంలో చదివాను, పిల్లలకు పాఠం కూడా చెప్పాను. అయినా నాయన ముందు నోరు మూసుకున్నాను. అందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

ఆయన లేచేసరికి తిన్నె సగమయింది. మొహం పాలిపోయింది. ఇంకా పెరగకముందే దాటాలన్నాడు. ముందు ఆయన, ఆయన చేయి పట్టుకుని అక్క, అక్క చేయి పట్టుకుని నేను దిగాం. నాకు ఈత రాదు. నీళ్లు రొమ్ముదాకా వచ్చాక నాయన కాళ్లకింద ఇసుక జారింది. ఈత వచ్చిన మనిషే గాని పంచె కాళ్లకు చుట్టుకుంది. మునిగి, తేలి, మళ్లీ మునిగాడు. ఆయన బరువుకు అక్క ఒరిగింది, నేను ఉప్పునీళ్లు మింగాను. అంతలో అక్క నావైపు గుంజుకుని వచ్చింది. ఎలా వచ్చి పడ్డామో, ఒడ్డు మీద ఇద్దరమే ఉన్నాం.

మరునాడు జాలర్లకు నాయన ఎగువన, మడచెట్ల దగ్గర దొరికాడు. తిన్నె మీదే కూర్చుని ఉంటే మోకాళ్లదాకా తడిసేవాళ్లమనీ, సాయంత్రానికి నీళ్లు తీసేవనీ వాళ్లు చెప్పారు.

అక్క మాత్రం బతికింది. అన్నం తిన్నది, కుట్టుపని నేర్చుకుంది, ముసలిదయింది. నాయన చెయ్యి జారిపోయాడని ఎవరైనా అంటే ఒప్పుకునేది కాదు. "జారలా. నేనే చెయ్యి వదిలేసినాను, నాకు బతకాలనిపించింది" అనేది. ఒక్కసారి మాత్రం, ఎన్నో ఏళ్ల తర్వాత, కుట్టుమిషను ఆపి నావైపు తిరిగింది.

"అప్పుడు నీళ్లల్లో నువ్వేందో అరిచినావు. అలల మోతకు సరిగా వినపళ్లా. ఏమని అరిచినావు?"

"వదిలెయ్ అక్కా, నాయన్ను వదిలెయ్" అని అరిచాను. అది నాకు బాగా గుర్తుంది.

"నాయనా అని" అన్నాను.