ప్లంబరు ఇంటి నీళ్ల మీటరు

ఆ ప్లంబరు తన ఇంట్లో కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు లేరు. భార్య గది దాటకముందే ఫ్యాను ఆపేస్తాడు. ఆమె గిన్నెలు తోముతుంటే పక్కకొచ్చి నిలబడి కుళాయి సన్నం చేస్తాడు. రెండు నెలలుగా నీళ్ల బిల్లు పెరిగిపోతోంది. ఊరందరి లీకులూ అరికట్టేవాడి ఇంట్లోనే ఇదేం ఖర్మ అని అతనికి కాలు నిలవడం లేదు. "నీ చేతికి అదుపు లేదు," అంటాడు. "మీ నోటికి ఉందా?" అంటుంది ఆవిడ, సబ్బు చేతులు దులుపుతూ.

ఆదివారం పొద్దున కుళాయిలన్నీ కట్టేసి మీటరు ముందు గొంతుక్కూర్చున్నాడు. లోపలి ఎర్రచక్రం తిరుగుతూనే ఉంది. గొట్టానికి చెవి ఆనిస్తూ గోడ వెంట పోయి, స్నానాల గది వెనక ఒక అతుకు దగ్గర ఆగాడు. కింద మట్టి మెత్తగా ఉంది. మెయిన్ వాల్వు కట్టి అతుకు విప్పితే, గొట్టం మర మీద నీరు కారకుండా చుట్టే తెల్ల టేపు ఎదురు దిక్కుకు చుట్టి ఉంది. బిగించేకొద్దీ ఊడివచ్చే చుట్టు అది. "ఎవడండీ ఆ పనిమంతుడు?" అంది వెనకనుంచి భార్య. పాత టేపు గోటితో గీకి, సరైన వైపు కొత్తది చుట్టి, బిగించి, వాల్వు తిప్పాక గానీ అతను నోరు విప్పలేదు. "నేనే. రెండు నెలల కిందట గొట్టం మార్చినప్పుడు." ఆవిడ తువ్వాలు భుజాన వేసుకుని స్నానాల గదిలోకి వెళ్లి, గీజరు వేసి, కుళాయి బార్లా తిప్పింది. బకెట్టు నిండి పొర్లుతున్న చప్పుడు గోడకు ఇవతలికి వినిపిస్తోంది. అతను రెండుసార్లు లేవబోయి, తుడిచిన రెంచినే మళ్లీ తుడుచుకుంటూ అక్కడే కూర్చున్నాడు.