పెద్దబాపు పెట్టెలో గాజు గొట్టాలు

మా అమ్మ అక్క భర్త, పెద్దబాపు, తాపీమేస్త్రీ. మోకాళ్ళు పోయాక పని మానేసి శాలిబండ ఇంట్లోనే ఉండేవాడు. ఒకరోజు తెల్లవారినా నిద్రలోంచి లేవలేదు. పెద్దకర్మ అయిన మర్నాడు పెద్దమ్మ నన్ను లోపలి గదిలోకి లాగి గడియ పెట్టింది. ఆయన రేకు పెట్టె అడుగున దొరికిన గుడ్డ మూట విప్పింది.

వేలెడేసి గాజు గొట్టాలు. రెండు కొసలా మూసి ఉన్నాయి, లోపల పసుపుపచ్చటి నీళ్ళు. పేరు లేదు, చీటీ లేదు. ఒకటి మాత్రం పగిలి ఖాళీగా ఉంది.

"కెమిస్ట్రీ చదివినవ్ గదా. ఇదేం మందు బిడ్డా?"

చదివింది కెమిస్ట్రీ, చేసేది బ్యాంకులో. ఆ మాట పక్కన పెట్టి ఒక గొట్టం చేతిలోకి తీసుకున్నాను.

"డాక్టర్ గుండె ఆగిందన్నడు. నాకు నమ్మబుద్ధి అయితలేదు. ముందటి రాత్రి మస్తు లొల్లి పెట్టుకున్న. కూసొని తినుడే గదా, నువ్వు పోతెనే నాకు సుఖం అన్న."

పగిలిన దాన్ని వాసన చూశాను. ఏమీ లేదు. వాసన లేని విషాలూ ఉంటాయని నా చదువు అప్పుడే గుర్తుచేయాలా! మెడికల్ షాపులో చూపిస్తానంటే పెద్దమ్మ నా చేయి గట్టిగా పట్టుకుంది.

"బయటికి తీస్కపోకు. పోరగాళ్ళకు తెలిస్తే నా మొఖం చూడరు."

అంతలో పెద్దమ్మ పెద్దకొడుకు తలుపు తట్టాడు. "ఏం చేస్తున్నరు లోపల?"

"చీరలు సదురుతున్నం అన్నా," అన్నాను.

ఆ కంగారులో ఒక గొట్టం నా చేయి జారి పరుపు మీద పడింది. తీయబోతుంటే లోపల గాలి బుడగ ఒకటి ఈ కొస నుంచి ఆ కొసకు పాకింది. గాజు మీద సన్నటి నల్ల గీతలు రెండు.

"పెద్దబాపు రసమట్టం ఏది?"

మంచం కిందే ఉంది. గచ్చు సమంగా వచ్చిందో లేదో చూసే ఆ చెక్క పనిముట్టుకు పెద్దమ్మ ఏటా దసరాకు బొట్టు పెట్టేది. బుడగ కనిపించే సన్నటి సందు తప్ప పైనంతా మూసిన ఇత్తడి బిళ్ళ విప్పి లోపల చూసే పని మాత్రం ఆమెకు ఎన్నడూ పడలేదు. చెంచా కొసతో మరలు తిప్పి బిళ్ళ లేపాను. లోపల అచ్చం అలాంటి గొట్టమే.

"మందు గాదు పెద్దమ్మా. రసమట్టంల పెట్టే గాజు. పగుల్తే మార్చనీకి దాచిపెట్టుకున్నడు. ఆ ఖాళీది పగిలిన పాతది."

ఆమె రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చూసింది. "అయితే నా మాటకు పోలే," అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. గడియ తీయబోయాను.

"గని నేనన్న ఆఖరి మాట గదే గదా బిడ్డా," అని వెనక నుంచి వినిపించింది.